వెనకనుంచి గంటపిన్ని

ఆ బళ్లో గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, కుళాయి దగ్గర తన్నుకునే పిల్లల్ని విడదీసేదీ ఆమే. పిల్లలు గంటపిన్ని అని పిలిచేవారు. నోరు మూసుకుని కూర్చోమంటే ఆమెకు ఒంట్లో బాగోనట్టే ఉండేది.

ఓ మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారు ఆమెను పిలిచారు.

"పిన్నీ, ఈ పీరియడంతా స్టూలు మీద కదలకుండా కూర్చోవాలి. మా తొమ్మిదో తరగతి వాళ్లు ఇంతవరకూ కూజా తప్ప మనిషిని గీసిన పాపాన పోలేదు."

"నాకంటే కూజాయే నయం సారూ. దానికి మూతైనా ఉంటుంది."

"అందుకే చెబుతున్నా, ఇవాళ్టికి నీకూ మూత పెట్టెయ్."

గది మధ్యలో స్టూలు వేశారు. పిల్లలు ముందూ పక్కలా కూర్చున్నారు. ఒకడు ఒంటి కన్ను మూసి, పెన్సిలు చాచి ఆమెను కొలవసాగాడు. వీడు బొమ్మ గీస్తాడా, జాకెట్టు కుడతాడా అని అడగబోయి నాలుక కరుచుకుంది. మెడ మీద దురద పుట్టినా ఓర్చుకుంది. గంట కొట్టాల్సిన మనిషి అక్కడ బొమ్మలా కూర్చుంటే పీరియడు ఎలా అయిపోతుంది? చివరికి హెడ్మాస్టరే వచ్చి "ఇవాళ గంటకి సెలవా?" అనేసరికి ఆమె నాలుక కొరుక్కుని పరిగెత్తింది.

గంట కొట్టి తిరిగొచ్చి, ఒక్కో బొమ్మా వంగి చూసింది. ఒకరు ముక్కు పొడుగు చేశారు, ఇంకొకరు రెండు గడ్డాలు పెట్టారు. "ఇంతమందిలో నేనెవర్నర్రా?" అంటే పిల్లలు గొల్లుమన్నారు.

ఆలస్యంగా వచ్చిన సోడాబుడ్డి కళ్లద్దాల పిల్లకి ఆమె వెనక మాత్రమే చోటు దొరికింది. ఆ కాగితం చూసి పిన్ని కొయ్యబారిపోయింది. ఎడమకి ఒరిగిన ముడి, కాస్త జారిన కుడి భుజం, నడుం దగ్గర దోపిన కొంగు.

"ఇది మా అమ్మ కదే! మా అమ్మని నువ్వెక్కడ చూశావు?"

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "నువ్వే పిన్నీ. ఉన్నదున్నట్టే గీశాను."

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చిన్నప్పుడు ఎక్కడికెళ్లినా అమ్మ వెనకాలే నడిచేది కాబట్టి పిన్నికి ఆ వీపు కొట్టినపిండి. తన వీపే ఎప్పుడూ చూసుకోలేదు.

ఇంటికి రాగానే, బీరకాయలు తరుగుతున్న అక్కకి వీపు చూపించి నిలబడింది.

"చూడక్కా, ఎవరిలా ఉన్నాను?"

"అమ్మలా." కత్తిపీట మీద అక్క చెయ్యి ఆగలేదు. "ఎప్పట్నుంచో."

"మరి చెప్పవేం?"

"నువ్వడిగావా? రోజూ నువ్వు బడికెళ్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేది ఎందుకనుకున్నావు? జారి పడతావనా?"

ఆ రాత్రి పిన్ని అన్నం కూడా మాట్లాడకుండా తినేసరికి, అక్క ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ బొమ్మ తనకిమ్మని అడగాలనుకుంది గానీ అది పరీక్ష మార్కులకి వెళ్లిపోయింది. అలాగైతే తనే గీద్దామని సోడాబుడ్డిని పట్టుకుంది. "మనిషిని కాదు పిన్నీ, మనిషి పక్కనున్న ఖాళీ ఎలా ఉందో చూడు" అని ఆ పిల్ల పెన్సిలు చేతికిచ్చింది. ఖాళీని చూడడమేంటో మొదట అంతుపట్టలేదు. పట్టాక ఆమె కళ్లు ఊరుకోలేదు. దారిన పోయేవాళ్ల వీపులన్నీ చదవడం మొదలుపెట్టింది.

మొదటి బొమ్మ చూసి అక్క మండిపడింది. "ఇది నేనా, ఉల్లిపాయల బస్తానా?"

"బస్తాకి ముడి ఉంటుందిగా, నీకు వెయ్యడం మర్చిపోయాను. అటు తిరుగు."

అక్క గొణుక్కుంటూనే తిరిగింది. ఏ భుజం కిందికి జారిందో పిన్నికి ఇంకా తేలలేదు.

"అక్కా, ఒక్కసారి వీధి గుమ్మందాకా నడిచిరావూ!"