నాన్న కొలతకు చేసిన చట్రం

బస్తర్ రాజుల పాలన ఇంకా సాగుతున్న రోజులవి. శబరి ఒడ్డున, కొంటాలో మాకు ఉప్పు, గుడ్డల దుకాణం ఉండేది. వాగులో పడి విరిగిన ఒక మోటారుసైకిల్ ఇంజనునూ, చక్రాలనూ నాన్న ఎక్కడినుంచో తెచ్చి, చట్రం మన పెరట్లోనే చేయిస్తానన్నాడు. ఎవరు చెప్పినా వినే మనిషి కాదు.

దోర్ల తెగ కమ్మరి ఒకడు వచ్చి, కాళ్లతో తొక్కే తిత్తులు పెట్టి కొలిమి రాజేశాడు. ఇంజను వైపు చూడనే లేదు. ముందు ఒక నారతాడుతో నాన్న కాళ్లూ చేతులూ కొలిచి ముడులు వేసుకున్నాడు.

"నాగలి చేసినా మనిషి కొలతే తీస్త సేటూ. గీ బండికి వేరే కొలతేంది?" అన్నాడు.

చిన్నప్పుడు విరిగి అతుక్కున్న నాన్న ఎడమ చెయ్యి కాస్త పొట్టి. అందుకని చట్రానికి పెట్టిన ఎడమ హాండిల్ లోపలికి వంగి వచ్చింది. నాన్న దాని మీద వెళ్తుంటే బజారంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న ఎన్నిసార్లు పిలిచినా నేను దాని మీద ఎక్కలేదు.

జ్వరంతో నాన్న పోయిన ఏడాది, బండి కొంటానని ఒకాయన వచ్చాడు. చట్రమంతా తడిమి చూశాడు.

"మంచిగనే ఉంది. గీ వంకర ఒక్కటి సాపు చేయించి ఇయ్యుండ్రి," అన్నాడు.

నేను తలూపబోయాను. లోపలినుంచి అమ్మ వచ్చి ఆ హాండిల్ పట్టుకుంది.

"మేము అమ్మం, పోండి," అంది. "అది వంకర కాదు. ఆయన చెయ్యి."