అన్నయ్య మడమ మీద పంజా

మా పెదపాడు చేపల చెరువు గట్టు మీద పొద్దున్నే ఏ జాడ కనబడినా ఇది నక్క, ఇది బావురుపిల్లి అని చెప్పేస్తాను. నక్క అడుగులో గోళ్ళు పడతాయి. పిల్లి గోళ్ళు ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడవు. ఈ మాత్రం తెలివితోనే బుట్టాయగూడెం అవతల కొండెక్కుతూ వదిన దగ్గర తెగ గొప్పలు పోయాను. ఆవిడ పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెం బజారులో. నేనేం చెప్పినా ఊఁ కొట్టింది.

అన్నయ్య వాగు చూసొస్తానని మాకంటే ముందు వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. సరే, ఆయన చెప్పుల జాడ పట్టుకుని వెళ్దామన్నాను. వాన పడి బాట మెత్తగా ఉండటంతో చెప్పుల గీతలు కూడా తెలుస్తున్నాయి. ఒక మలుపు దగ్గర బురద మొదలైంది. చెప్పుల జాడ అక్కడితో ఆగిపోయింది!

పక్కనే అరచేయంత పంజా గుర్తు. గోళ్ళు లేవు.

"ఏమ్మా, ఏంటది?" అంది వదిన.

పిల్లి జాతే. కానీ ఇంత పిల్లా? బురద జారి అడుగు పెద్దదైందా? లేక కుక్కదేనా, గోళ్ళ గుర్తులు పూడిపోయాయా? ముందుకు చూస్తే ఎవరివో ఉత్తకాళ్ళ అడుగులు. కొండ మీది ఊరివాళ్ళవేలే అని వదిలేశాను.

"నాకు తెలీట్లేదండీ వదినా."

"అంతా తెలుసన్నావు కదమ్మా!" అని ఏడుపు గొంతుతో అరిచింది. అరిచి, నా చేతుల వంక చూసింది. "నీ చెప్పులు చేతిలో ఉన్నాయేంటి?"

ఎప్పుడు తీశానో నాకే తెలియదు. బురద తగిలితే చాలు, జారిపడతామని చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటాం. అన్నయ్యా అంతే కదా! నా బుద్ధి మండా, ఆ ఉత్తకాళ్ళు అన్నయ్యవే!

"బతికించావు ప్రభువా," అంటూ వదిన ఆ అడుగుల వెంట పరుగెత్తబోయి ఆగిపోయింది. వంగి చూశాను. అన్నయ్య మడమ గుర్తు మీద పంజా పడి ఉంది. అంటే ఆయన వెళ్ళాక వెనకాలే అదీ వెళ్ళిందన్నమాట.

ఇద్దరం గొంతు చించుకుని పిలిచాం.

"వస్తున్నా, ఉండండి!" అని పైనుంచి వినబడింది. చెప్పులు ఊపుకుంటూ, నవ్వుకుంటూ దిగాడు.

"ఏంటా కేకలు? ఏమైంది?"

వదిన ఆయన చొక్కా పట్టుకుని భోరుమంది. "ఏవండీ, నా పక్కనే నడవండి," అంది. ఆయన నా వైపు చూశాడు. ఏం చెప్పను? అదేమిటో నాకు తెలిస్తేగా. దిగేటప్పుడు ఆయన్ని మధ్యలో పెట్టుకుని, చెరో చెయ్యీ పట్టుకుని నడిచాం.