ర్యాప్ క్యాసెట్‌తో గృహప్రార్థన

తొంభైల్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, హైదరాబాదు హాస్టల్లో ఉండే మా బావ ఒక క్యాసెట్ కాపీ చేసి తెచ్చాడు. అమెరికాలోనే పెద్దగా ఎవరికీ తెలియని ర్యాప్ బృందమట. అయిదుగురు. రాగం లేదు, ప్రేమ గోల లేదు. డప్పు లాంటి దెబ్బ మీద ఒకడి తర్వాత ఒకడు తిట్టడమే. నాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా వింటుంటే ప్రాణం లేచి వచ్చేది. మా ఇల్లందులో మేం ఎవరి ముందు నోరు తెరిచినా చేతులు కట్టుకునే తెరిచేవాళ్లం. వీళ్లు ఎవరినీ బతిమాలడం లేదు. నాకది చాలు.

బొగ్గుగనిలో పనిచేసి వచ్చే నాన్నకు మాత్రం అది తలనొప్పి.

"ఇంకోసారి వినబడితే పొయ్యిల పెడతా" అన్నాడు.

ఆ క్యాసెట్ పోతే మళ్లీ దొరకదు. భయంతో "ఇంగ్లీషు బైబిలు వాక్యం నాన్నా, అమెరికా దైవసేవకులు" అనేశాను. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. అమ్మ మురిసిపోయి చర్చిలో అందరికీ చెప్పింది.

ఇంకేముంది, ఆదివారం ఆరాధన కాగానే పాస్టరు అయ్యగారు పదిహేను మందిని వెంటబెట్టుకుని మా ఇంటికి గృహప్రార్థనకు వచ్చారు. పెద్ద సభల్లో విదేశీ బోధకుడి పక్కన నిలబడి, ఆయన ఒక్కో మాట ఆపగానే తెలుగులో చెప్పే మనిషి ఉంటాడు. ఆ రోజు ఆ మనిషిని నేను. బోధకుడు మా టేప్‌రికార్డర్.

"బటన్ నొక్కి ఆపు బాబూ, తెలుగుల చెప్పు, మళ్ల పెట్టు" అన్నారు అయ్యగారు.

మొదటివాడు ఎవరి అమ్మనో తిట్టాడు. బటన్ నొక్కి, "ప్రియులారా, మారుమనస్సు పొందండి" అన్నాను.

"ఆమెన్" అన్నారందరూ.

"ఆ ఒక్క మాట మాటిమాటికి వస్తున్నదేంది?"

"సహోదరులారా అని పిలుస్తుండు అయ్యగారూ."

అంతలో టేపులో తుపాకీ పేలింది. తీర్పు దినం అన్నాను. ఒక పెద్దమ్మ మోకాళ్ల మీద పడి ఏడ్చింది.

తర్వాత మూడోవాడి వంతు. ఆ ముక్క ఒక్కటే నాకు పూర్తిగా తెలుసు. దానికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నా వీధిల పోలీసోళ్లు నన్నే ఆపి ఎటు పోతున్నవని అడుగుతున్నరు. జేబులు దులిపిస్తున్నరు. నేనేం చేసిన్నంటే జవాబు లేదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ పెద్దమ్మ కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఈ అయ్య ఏ ఊరాయన బిడ్డా? మన జూలూరుపాడు దిక్కా?"

అయ్యగారు గబగబా ముగింపు ప్రార్థన చేశారు. అందరూ టీ తాగి వెళ్లారు. అమ్మ గ్లాసులు తీసుకుని పెరట్లోకి పోయింది. నాన్న వచ్చి టేప్‌రికార్డర్ పక్కన కూర్చున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇది వాక్యం కాదు గదరా?"

"కాదు నాన్నా."

"ఆ జేబుల ముక్క మళ్ల పెట్టు."

పెట్టాను. నాన్న తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"మొన్న డ్యూటీకి పోతుంటే నన్ను గూడ బస్సు దించిండ్రు. అంగీ విప్పించిండ్రు, అందరు చూస్తుంటే" అన్నాడు. "మీ అమ్మకు చెప్పకు."