జొన్న మొలకల మీద నడవమన్నారు

హెలికాప్టర్ దిగింది పగలు పదకొండు గంటలకు. తలుపు తెరవగానే వేడి మొహానికి కొట్టింది. మే నెలలో రేణిగుంటలో రైలు దిగినవాడికి ఆ వేడి కొత్త కాదు. కొత్తదల్లా నేల. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, మోకాలెత్తు ఎండుగడ్డి, మధ్యలో ఒకే ఒక్క మట్టిరోడ్డు. రోడ్డు దిగి ఎక్కడా కాలు పెట్టొద్దని హెలికాప్టర్‌లోనే చెప్పారు. మూత్రం వచ్చినా రోడ్డు మీదే పోయాలి. మాకు అందిన మొదటి ఆర్డరు అది.

దేశం పేరు చెప్పను. చెబితే ఫోన్‌లో వెతుకుతారు, అయ్యో పాపం అంటారు, ఫోన్ జేబులో పెట్టుకుంటారు. ఆఫ్రికాలో ఒక దేశం, యుద్ధం ఆగి ఎక్కువ రోజులు కాలేదు, అది చాలు. శాంతిసేన కింద వెళ్లిన ఇంజనీర్ల కంపెనీ మాది. నీలి హెల్మెట్లు. మందుపాతర్లు తీయడం పని. నేను హవల్దార్‌ని. సొంత ఊరు నగరి. ఇంట్లో అందరూ పవర్‌లూమ్ మీద బతికినవాళ్లే. ఆ చప్పుడు పడక కొడుకు పట్టాళంలో చేరాడని మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు.

మా రేడియో ఆపరేటర్‌ది చిత్తూరు పక్క పల్లె. వాడి నోరు ఊరుకోదు. మా పైన సుబేదార్ సాబ్, వేలూరు తమిళుడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, ప్రతి మాట వెనకా ఒక 'పా' తగిలిస్తాడు. ఆయన పైన మేజర్ సాబ్.

ఉదయం ఐదున్నరకు లైను మీద ఉండాలి. ఒంటి మీద బరువైన ఏప్రాన్, మొహానికి మందపాటి ప్లాస్టిక్ ముసుగు, చేతిలో డిటెక్టర్. అది కూస్తే మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి ఇనుపకడ్డీని పక్కవాటుగా మట్టిలోకి గుచ్చుతూ వెతకాలి. చాలాసార్లు దొరికేది తుప్పుపట్టిన మేకు, లేకపోతే డబ్బా మూత. అయినా ప్రతిసారీ అదే కూర్చోవడం, అదే గుచ్చడం. వెతికేసిన నేలకు తెల్ల రాళ్లు పెడతాం, వెతకని నేలకు ఎర్ర రాళ్లు. పదకొండున్నరకు పని ఆపేయాలి. ఆ తర్వాత చెమట కళ్లలోకి దిగి చెయ్యి వణుకుతుంది. మా లైన్లో మదనపల్లె సిపాయి ఒకడు ఆపమన్నాక ఇంకొక్క గుచ్చు గుచ్చాడు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఇరవై నాలుగేళ్ల వాడు.

ఆ వేళ్లు పోయింది రోడ్డు పక్కన ఒక జొన్నచేనులో. ఆ చేను గలామె రోజూ వచ్చి, మేం కట్టిన హద్దు తాడుకు ఇవతల రోడ్డు మీద కూర్చుని మమ్మల్ని చూసేది. నలభై ఏళ్లుంటాయి. మొగుడు యుద్ధంలో పోయాడు. ముగ్గురు పిల్లలతో గుడారాల శిబిరంలో ఉంటూ, లారీలో వచ్చే రేషన్ తిని బతుకుతోంది. అక్కడి బడిపంతులు ఒకాయన మాకు దుబాసీ. ఆయన ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు గానీ, నా చెవికి మాత్రం ఆమె మాట మా వీధి ఆడవాళ్ల మాటలాగే పడేది. అట్లాగే రాస్తున్నాను.

"వానలొచ్చేస్తాండాయి. యెప్పుడిస్తారు నా సేను?"

"ఇంకో నెల అక్కా."

"పోయిన నెలా అదే సెప్పినావు."

నిజమే, చెప్పాను. మొదటి వానకు విత్తనం పడకపోతే ఆ ఏడు గింజ లేనట్టే. రాయలసీమ వాళ్లకు ఈ ముక్క వేరేవాళ్లు నేర్పాలా? మేజర్ సాబ్‌ను అడిగి ఇంకో సెక్షన్‌ను కూడా ఆ చేనులోకే దించాం. వానలకు ముందే ముగించాం.

మా పనిలో ఒక ఆచారం ఉంది. నేల శుభ్రమైందని కాగితం ఇస్తే ఎవరూ నమ్మరు. అందుకని మందుపాతర్లు తీసినవాళ్లే ఏప్రాన్లు, ముసుగులు విప్పేసి, ఆ నేల గలవాళ్ల చేతులు పట్టుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరసగా నడవాలి. మేం తప్పు చేసి ఉంటే ముందు మా కాళ్లే పోవాలి. సిపాయి దగ్గర అంతకన్నా పెద్ద ప్రమాణం లేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. సగం దూరం నడిచాక నా బూట్ల వైపు చూసి కసురుకుంది.

"మెల్లిగా యెయ్యి కాలు! నా సేన్ని రోడ్డు సేస్తాండావా?"

దుబాసీ అది చెప్పగానే వరసంతా నవ్వింది. మర్నాడు తెల్లారేసరికి ఆమె విత్తనం చల్లుతోంది. ఆ వారంలోనే వాన పడింది. పట్టాళంలో అంత తృప్తిగా నేను నిద్రపోయిన రోజులు తక్కువ.

తర్వాత, వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజున, తెల్ల జీపులు వచ్చాయి. మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక పెద్దమనిషి దిగాడు. వెంట నాలుగు దేశాల వ్యాపారులు, అక్కడి మంత్రిత్వశాఖ అధికారి ఒకడు. ఈ పెద్దమనిషి సొంతంగా ఏమీ కట్టడు, ఏమీ అమ్మడు. యుద్ధం ముగిసిన దేశాలు వెతుక్కుంటూ వెళ్లి, అక్కడి పునర్నిర్మాణ అవకాశాలను బయటి కంపెనీలతో కలుపుతాడు. పెళ్లిళ్ల పేరయ్య పనే, కాకపోతే ఇక్కడ పిల్లను ఎవరూ అడగరు. మా మెస్ టెంట్‌లో మా టీ తాగుతూ చెప్పాడు.

"దీన్ని నష్టంగా చూడకండి. ఇక్కడ రోడ్లు లేవు, బడులు లేవు, కరెంటు లేదు. అంటే మార్కెట్ మొత్తం ఖాళీగా ఉంది."

వెనకనుంచి మా రేడియో ఆపరేటర్ గొణిగాడు. "ఇల్లు కాలి ఒకడు యేడస్తా ఉంటే, సుట్టకు నిప్పడిగినాడంట ఇంకొకడు."

"నోరు ముయ్ పా," అన్నాడు సుబేదార్ సాబ్.

సిమెంటు వద్దని నేననను. బడి కట్టాలంటే సిమెంటే కావాలి, ఎవడో ఒకడు తేవాల్సిందే, తెచ్చినవాడు లాభం చూసుకుంటాడు. దానికి నాకు కోపం లేదు. కోపం ఎక్కడంటే, సిమెంటు, ఇనుము దించుకోవడానికి వాళ్లకు రోడ్డు పక్కన జాగా కావాలి. మందుపాతర్లు లేవని తేల్చిన నేల అయితేనే ఇన్సూరెన్స్ వస్తుంది. ఆ రోడ్డు పొడవునా అట్లాంటి నేల ఒక్కటే ఉంది. ఆమె చేను. పట్టాలన్నీ యుద్ధంలో కాలిపోయాయి, ఆమెదే అనడానికి రుజువేముందని అధికారి తేలిగ్గా అనేశాడు. లీజు రాసిచ్చేశాడు.

ఎర్ర రాళ్లు అలాగే ఉంచి ఉంటే ఆ చేను మొహం ఎవడూ చూసేవాడు కాదు. ఆమె కోసం శుభ్రం చేశాం, శుభ్రమైంది కాబట్టే ఆమెది కాకుండా పోయింది. ఇంత నీచమైన లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు.

సాయంత్రం రేడియోలో ఆర్డరు వచ్చింది. మర్నాడు ఉదయం తొమ్మిదికి ఆ చేనులో నడక. అతిథుల చేతులు పట్టుకుని. ఏప్రాన్లు లేకుండా.

"సరిగ్గా విన్నావా? మళ్లీ అడుగు," అన్నాను రేడియో ఆపరేటర్‌తో.

"రొండు తూర్లు అడిగినానప్పా. అదే సెప్తాండారు."

సుబేదార్ సాబ్ టెంట్‌కు వెళ్లాను.

"సాబ్, ఆ చేనులో మొలకలున్నాయి."

"తెలుసు పా."

"మనం ఆమెకిచ్చాం."

"మనం ఇచ్చింది యాడ పా? మందుపాతర తీసినాం, అంతే. నేల గవర్నమెంటు చేతిలో ఉంది. ఆర్డర్ ఆర్డరే." నా మొహం చూడకుండా బూటు లేసు విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు.

నడిచాం. జొన్న జానెడు లేచింది, గట్టు నుంచి గట్టు దాకా పచ్చగా ఉంది. నా చెయ్యి పట్టుకున్న వ్యాపారి అరచెయ్యి చెమటతో జారుతోంది. "ఖచ్చితంగా ఏమీ లేవు కదా?" అని అడిగిందే అడిగాడు. కళ్లు నేల మీదే పెట్టుకుని నడిచాడు. ఆ కళ్లకు మందుపాతర తప్ప మొలక కనపడలేదు. ఆ గట్టు చేరాక చప్పట్లు కొట్టుకున్నారు, ఫోటోలు దిగారు. వెనక్కి చూస్తే మేం నడిచినంత మేరా మొలకలు మట్టిలో పడున్నాయి.

ఆమె అతిథుల కోసం కట్టిన తాడు అవతల పార పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. నన్ను ఒక్క మాట అడిగింది.

"నా సెయ్యి పట్టుకోని నడిసినావే, అది గూడా ఇట్లాంటిదేనా?"

ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ దిగలేదు. దించుకోవాలని కూడా లేదు.

రోడ్డుకు ఆ పక్క నేలైనా ఆమె కోసం శుభ్రం చేద్దామని మేజర్ సాబ్‌ను అడిగాను. మంచి మనిషి, పైకి రాశాడు. ముందు లారీల రోడ్లు, తర్వాతే పొలాలు అని జవాబొచ్చింది. ఇంతలో అక్కడ మా టూర్ గడువు అయిపోయింది.

ఇప్పుడు రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. మొన్నామధ్య ఇక్కడే ఒక పెద్ద హోటల్లో సదస్సు పెట్టారు. యుద్ధాలు ముగిసిన దేశాల్లో మనవాళ్లకు వ్యాపార అవకాశాలట. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే నా స్నేహితుడు ఇంటికొచ్చి పట్టుకుపోయాడు.

"అప్పా, నువ్వు ఆడ ఉండొచ్చినోడివి. మెడల్స్ పెట్టుకోని వచ్చి రొండు మాటలు సెప్పు. బయ్యం లేదంటే సాలు. మనోళ్లు జంకతాండారు."

వేదిక మీద మాట్లాడుతున్నది ఆ మెస్ టెంట్ పెద్దమనిషి కాదు, వేరే ఆయన. మాట మాత్రం అదే. మార్కెట్ మొత్తం ఖాళీగా ఉందట. మైకు నా చేతికిచ్చారు. మదనపల్లె వాడి వేళ్ల గురించి చెప్పాను. మొలకల గురించి చెప్పాను. అంతవరకు మా ఇంట్లో కూడా చెప్పని చివరి ఉదయం గురించి చెప్పాను.

ఆ రోజు ఆరు గంటలకు మా కాన్వాయ్ బయల్దేరింది. ఆమె చేనులో టార్పాలిన్ కింద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. ఆమె రోడ్డుకు ఆ పక్కన ఉంది, ఎర్ర రాళ్లకు లోపల. భుజం మీద పార, చేతిలో పలుపు, పలుపు చివర ఒక ఆవు. దుబాసీ మా బండిలోనే ఉన్నాడు. బండి ఆపించి ఇద్దరం అరిచాం. వెనక్కి రమ్మన్నాం. రాలేదు. ఆ దేశంలో అనుమానం ఉన్న నేల మీదికి ముందు పశువును తోలతారు. అందుకని దుబాసీ, కనీసం ఆవునైనా ముందుకు తోలమని కేక వేశాడు. ఆమె ఆగకుండానే చెప్పింది.

"ఆవు పోతే నా పిల్లకాయలకు పాలు యెవురిస్తారు? మీరిస్తారా?"

ఆ చివరి దాకా నడిచింది. ఏమీ పేలలేదు. పార దించి తవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఇదంతా చెప్పి ఆగాను. రెండో వరసలోంచి ఒకాయన మర్యాదగా చెయ్యెత్తాడు.

"అట్లయితే ఆ పక్క నేల గూడా బాగానే ఉండాదన్నమాట. అది లీజుకు దొరకతాదా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

"దొరకతాది," అన్నాను మైకులోనే. "ముందు మీరు నడసండి. పలుపు పట్టుకోని ఆవుతో నేను వెనకాల వస్తా."

మైకు బల్ల మీద పడేసి బయటికొచ్చాను. మామిడి గుజ్జు స్నేహితుడు ఆ రోజు నుంచి మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె.

నేను ఆ హాల్లో ఒకటి చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లు దాన్ని కూడా ఏదో ఒక లెక్కలో వేసుకునేవాళ్లు. ఆ ఎర్ర రాళ్ల మధ్య నడుస్తూ ఆమె రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేది. మా వైపు కాదు. ఆవు తన అడుగుల్లోనే అడుగు వేస్తోందో లేదో అని.