మామ బతికుండగా వచ్చిన పెట్టె

పొద్దున నగరి బజారులో మసీదు కమిటీ వాళ్ల వ్యాను నా పక్కనే ఆగింది. వెనక తలుపు తీసి అద్దాల పెట్టె దించుతున్నారు. చనిపోయినవాళ్లను బంధువులు వచ్చేదాకా చల్లగా ఉంచే పెట్టె అది. ఆ పెట్టె ఒకసారి మా ఇంటికీ వచ్చింది, మా మేనమామ బతికుండగానే.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. మరమగ్గాల మోతలో బతికిన మామ మామూలుగా మాట్లాడినా వీధంతా వినిపించేది. అలాంటివాడు మాట పెగలక రొప్పుతున్నాడు. ఆసుపత్రిలో మంచం లేదన్నారు. "ఎముక విరిగితే కట్టు కట్టేదానికి పుత్తూరుండాది, ఊపిరి ఆగితే యాడికి పోవాల?" అని అత్త తల బాదుకుంది. మసీదు కమిటీ వాళ్లు గాలి మిషన్లు ఊరికే ఇస్తున్నారని, ఎవరు ఏమిటని అడగరని పక్కింటివాళ్లు చెబితే, కమిటీ నడిపే భాయ్‌కి ఫోన్ చేశాను. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అనే ఆ మిషన్ పేరు పలకడానికి నోరు తిరగక మేమంతా దాన్ని కూడా పెట్టె అనేవాళ్లం. "భాయ్, మా మామకు పెట్టె కావాల, బిన్నా, ఇప్పుడే పంపించప్పా" అన్నాను ఏడుస్తూ. నా ఏడుపు విని ఆయన ఇల్లెక్కడని తప్ప ఇంకేమీ అడగలేదు.

వ్యాను వచ్చింది. అద్దాల పెట్టెను గుమ్మంలో దించి, భాయ్ తల వంచుకుని, "ఎప్పుడు పోయినాడమ్మా?" అన్నాడు. మంచం మీది మామ పెట్టెను, భాయ్‌ను మార్చి మార్చి చూశాడు. "ఇంగా పోలేదప్పా. తొందరేముండాది, కూర్చో" అన్నాడు రొప్పుతూనే.

"యా అల్లా, మనిషి ఉండాడే!" మేము అడిగింది ఏ పెట్టెనో భాయ్‌కి అప్పుడు తెలిసింది. పెట్టెను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. కాసేపటికి గాలి మిషన్‌ను తానే మోసుకొచ్చి మామ ముక్కుకు గొట్టం తగిలించాడు. రొప్పు మెల్లగా తగ్గింది. భాయ్ మా అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. జరిగిన పొరపాటుకు ఏడుస్తున్నాడనుకున్నాం.

మామ కోలుకున్నాక ఒకరోజు భాయ్ వాళ్ల అమ్మ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. "నా గాలి తాగినాయన ఎవురమ్మా?" అంది. మాకేమీ అర్థం కాలేదు. కమిటీ మిషన్లన్నీ ఆ రోజుకే ఒక్కోటి ఒక్కో ఇంట్లో ఉన్నాయట. దొరికేది ఆమె ముక్కుకు పెట్టినదొక్కటే. "నేనేదో ఇచ్చినానని నా కొడుకు చెప్పుంటే నమ్మబాకండి. కొంచెం నెమ్మదించి నేను నిద్దరపోతా ఉంటే గొట్టం తీసి ఎత్తుకపోయినాడు. లేసి సూస్తే గాలి లేదు! సచ్చిపోయింటే?"

ఆ తల్లి నిజంగానే పోయి ఉంటే ఏ ముఖం పెట్టుకుని మామను చూసేవాళ్లం? ఆమే మళ్లీ అంది: "అడిగుంటే ఇచ్చుందును గదా, అదే నా కోపం." తర్వాత మామ దగ్గరికి జరిగి, ఆయన ఛాతీ వైపు చాలాసేపు చూసింది. "బాగా పీల్చుకో అన్నా" అంది.

ఎవరి కాలం తీరితే వాళ్లు పోతారని తేలిగ్గా అనేస్తాం. ఆ రోజు ఒక కొడుకు, తల్లి నిద్రలో ఉండగా, ఆమె కాలంలోంచి కొంత తెంపి మా మామ కాలానికి ముడివేశాడు.