చెర్రీకి కట్టిన చీటీ

ఈ ఎడారి దేశంలో, అల్ రయ్యాన్ ఊళ్లో ఉన్న మా కంపెనీ నర్సరీలో ఏసీ పెట్టిన అద్దాల షెడ్డు ఒకటుంది. చలిదేశాల చెట్లను అందులో పెంచి హోటళ్లకు అద్దెకిస్తారు. ప్రతి కుండీకీ చెట్టు శాస్త్రీయ నామం రాసిన చీటీ కట్టడం నా డ్యూటీ. బయట ఎండలో మాడే వాళ్లందరికీ దాని మీద కన్నుందని నాకు ఎప్పుడూ అనుమానమే.

నిరుడు చలికాలంలో కొండ చెర్రీలు రెండు రకాలు దిగాయి. ఒకటి జపాన్‌ది, ఒకటి హిమాలయాలది. రెండూ ప్రూనస్ ప్రజాతే. బాదం, ఆల్‌బుకారా కూడా అందులోవేనట. పువ్వు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేమని మా హైదరాబాదీ ఇంజనీర్ సార్ అన్నాడు. నేను చూసింది పువ్వూ కాదు, ఆకూ కాదు. చెట్లతో వచ్చిన కాగితంలో పేర్లు ఏ వరుసలో ఉంటే, దింపిన కుండీలకు ఆ వరుసలోనే కట్టేశాను. అదే నా పద్ధతి.

మేలో ఓ మధ్యాహ్నం, క్యాంపులో నా గదిలోనే ఉండే నేపాలీ ఆ చీటీలు విప్పి, మార్చి కడుతూ కనిపించాడు.

"ఏం చేస్తున్నవ్ భాయ్?"

"పేరు తప్పు. ఇది జపాన్‌ది కాదు, మా కొండ మీది పైయూ చెట్టు. బెరడు చూడు" అన్నాడు హిందీలో.

బెరడు చూడలేదు, వాడి మొహమే చూశాను. నా డ్యూటీకే ఎసరు పెడుతున్నాడనిపించింది. ఒకే కంచంలో తిన్నవాళ్లమే, అయినా నోరు ఊరుకుందా? చీటీలు తారుమారు చేస్తున్నాడని సార్‌కు చెప్పేశాను. వారంలో వాణ్ణి అల్ వుకైర్ సైటుకు, మండుటెండలోకి పంపారు. నేను పాత చీటీలే మళ్లీ బిగించి కట్టాను.

నవంబర్‌లో జపాన్ చీటీ ఉన్న చెట్టు నిండా గులాబీ పూలు విరిశాయి. సార్ నిలబడిపోయాడు.

"అరే, జపాన్‌ది ఇప్పుడు పూయదు. ఇది హిమాలయాలదే. నేపాలోడు సరిగ్గనే కట్టిండు! వాపస్ రమ్మని నువ్వే ఫోన్ చెయ్."

చేశాను. పూసిందని వినగానే వాడు గట్టిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"రాను భాయ్. నా మీద చాడీ చెప్పినవాడు ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. వాడెవడో తెలిస్తేనే వస్తా. నువ్వే కనిపెట్టాలి. అక్కడ నేను నమ్మేది నిన్నొక్కణ్ణే."

"కనిపెడతా" అన్నాను.