మా ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ బిగించిందెవరంటే

ఈ రోజు మా ఇన్వర్టర్ బ్యాటరీ నేనే మార్చాను. పాతది పూర్తిగా పోయింది. అత్తయ్యగారికి ఆయాసం, సాయంత్రం నెబ్యులైజర్ పెట్టుకోకపోతే ఊపిరాడదు, సరిగ్గా ఆ వేళకే మా ఊళ్లో కరెంటు పోతుంటుంది. కొత్తపేట షాపువాళ్లు కొత్త బ్యాటరీ వరండాలో దింపి, బిగించే మెకానిక్ రేపొస్తాడని చెప్పి వెళ్లిపోయారు. అంబాజీపేటలో పని మీదున్న మావారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

"నువ్వు ముట్టుకోకు. రేపటిదాకా ఆగండి," అన్నారాయన.

"నేనాగుతాన్రా, నా ఆయాసం ఆగొద్దూ?" అన్నారు అత్తయ్యగారు.

నేను బడిలో సైన్స్ చెప్పేదాన్ని. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, గాజులు పక్కన పెట్టి, పాతదాని వైర్లు విప్పాను. కొత్తదాన్ని గోనెసంచి మీద లోపలికి ఈడ్చుకొచ్చి, ఎర్ర వైరు, నల్ల వైరు ఎక్కడివక్కడ బిగించాను. ప్లగ్ పెట్టి, స్విచ్ వేశాను. పచ్చలైటు వెలిగింది.

సాయంత్రం అత్తయ్యగారు నెబ్యులైజర్ పెట్టుకుని ఉండగానే కరెంటు పోయింది. మిషన్ ఆగలేదు. అంతలో మావారు ఫోన్ చేసి, మెకానిక్ ఏమైనా వచ్చాడా అని అడిగారు.

అత్తయ్యగారు మాస్క్ పక్కకు జరిపి, "ఆయ్, వచ్చేరు. నీ పెళ్లైన కాణ్ణించీ మనింట్లోనే ఉన్నారు," అన్నారు.

నడుం పట్టేసింది గానీ, నాకీ సర్టిఫికెట్ చాలు. మీ ఇళ్లల్లో మెకానిక్ ఎవరండీ?